అల్లాబక్షు వేసిన డోరు బల్ల

నాకు కోపం ఎక్కువని ఊళ్ళో అందరూ అంటారు. ఎక్కువే, కాదని ఎవరన్నారు? పద్దెనిమిది మంది ఆడవాళ్ళను తెల్లారకముందే లేపి, క్యారేజీలు సర్దించి, ట్రాలీ ఆటో ఎక్కించి, పెదనందిపాడు అవతల మిరపచేలో దించాలి. పొద్దుగూకేలోపు మళ్ళీ ఎవరి గుమ్మం ముందు వాళ్ళను దించాలి. ముఠా మేస్త్రి పని అంటే అదే. అమ్మా, తల్లీ అని బతిమాలుతూ కూర్చుంటే మొదటి సాలు మొదలయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాను ఈ పని. రైతులు నా మాట వింటారు. డ్రైవరు క్రీస్తుదాసు నా సొంత తమ్ముడే, వాడు వినక చస్తాడా?

అలాంటి నేను ఒక మనిషి మీద అరవబోయి, సగంలో ఆగిపోయి, నేల మీద చతికిలబడ్డాను. ఆయన పేరు షేక్ అల్లాబక్షు. చిలకలూరిపేటలో పర్చూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బండ్ల వెనక డోర్లు బాగుచేస్తాడు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు గురవమ్మత్త సంగతి చెప్పాలి.

గురవమ్మ నాకు వరసకు అత్త. కాయ కోయడంలో ఆమె చేతివాటం చూసి తీరాల్సిందే. తొడిమ ఊడదు, కొమ్మ విరగదు, రెండు చేతులూ రెండు పిట్టల్లా చెట్టు మీద ఆడుతుండేవి. రెండేళ్ళ కిందట మా బండి మీంచి రోడ్డు మీద పడింది. తుంటి విరిగింది. గుంటూరులో ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. ఏడాదికి లేచి నడిచింది. కోతల కాలం రాగానే మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"కొండమ్మా, నన్నూ ఎక్కించుకోవే. కాలు బాగైంది. పీట వేసుకుని కింది కాయ కోస్తాలే."

"వద్దత్తా. మళ్ళీ కునుకుతావు, మళ్ళీ పడతావు. నా పీకల మీదికి తేమాక."

ఈ జనవరిలోనూ వచ్చింది. ఈసారీ అదే మాట చెప్పి పంపేశాను.

బండి మీద కునికే మనిషిని మా వైపు ఏ ముఠా ఎక్కించుకోదు. ఎవరూ రాసి పెట్టింది కాదు గానీ అందరూ పాటిస్తారు. ఒకసారి కునికిందని పేరు పడితే ఆ పేరు పక్క ఊళ్ళ ముఠాలకూ పాకుతుంది. గురవమ్మత్త నా దగ్గర కాదనిపించుకుని ఇంకో ఇద్దరు మేస్త్రుల దగ్గరికి పోయిందట. వాళ్ళూ వద్దన్నారు. కోతల మూడు నెలలే మాకు ఏడాదంతటికీ ఆధారం. ఆ మూడు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషికి తొమ్మిది నెలలు మాట పడక తప్పదు. వాళ్ళ కోడలు అన్నం పెట్టేటప్పుడల్లా "బండి మీద నిద్రపోయిన మారాణి" అని కంచం జరుపుతుందట. అత్త తల దించుకుని తినేది. తను కునికానని ఆమె కూడా నమ్మింది. "పొద్దుట్నుంచి వంగిన నడుం, కళ్ళు మూతపడే ఉంటాయిలే" అనేది అడిగినవాళ్ళతో.

ఇక అల్లాబక్షు. ఆయనది సింగరాయకొండ. తండ్రి ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. ఎద్దులు తగ్గిపోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ పని పోయింది. "ఎద్దు పోయింది, ఇనుము మిగిలింది. దాన్ని పట్టుకుని ఇటొచ్చా" అనేవాడు. ఇప్పుడు అరవై దాటాయి. బక్క మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకుని చెవికి తగిలించుకుంటాడు. ఊళ్ళో బండ్లన్నిటికీ అతుకులు వేసే మనిషి తన కళ్ళజోడు అతికించుకోడు, అదేం విడ్డూరమో!

ఆయన పని చేసే తీరు చూస్తే నాకు ఒళ్ళు మండేది. డోరు బిగుసుకుపోయిన బండి ఎవడి దగ్గరికి తీసుకుపోయినా ముందు సుత్తి అందుకుంటాడు. ఈయన సుత్తి జోలికే పోడు. బండి చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు. టైర్లలో గాలి చూస్తాడు. వంగి బండి అడుగు చూస్తాడు. ఈ మూల నుంచి ఆ మూలకు దారం పట్టి చూస్తాడు. మనం తొందర పెడితే, "తలుపు తనంతట తాను వంకర పోదమ్మా. దాన్ని పట్టుకున్నది ఎక్కడో వంగుద్ది" అంటాడు. ఆ వంగిన చోటు దొరికిందాకా మనం ఎండలో నిలబడాల్సిందే.

షెడ్డు వెనక ఇసక బస్తాలు పేర్చి ఉంటాయి. ఖాళీ బండి వస్తే ఆ బస్తాలు బండిలో వేయించి అప్పుడు డోరు చూస్తాడు. "ఖాళీ బండి అబద్ధం చెబుద్ది" అంటాడు. నిజమే. పత్తి తోలే డ్రైవరొకడు మూడు చోట్ల బాగుచేయించుకుని ఏడుస్తూ వచ్చాడొకసారి. ఖాళీగా ఉన్నప్పుడు డోరు చక్కగా పడేది, పత్తి వేస్తే పడేది కాదు. అల్లాబక్షు బస్తాలు వేయించి, అడుగున ఒక్క చెక్క మార్చాడు. అంతే. ఆ డ్రైవరు ఇప్పటికీ ఆయన కనబడితే బండి ఆపి దణ్ణం పెడతాడు.

డోరు బల్ల ఆలోచన మాత్రం ఆయనది కాదు, నాది. కోతల బండ్లకు వెనక డోరు కిందికి దించి, గొలుసుల మీద నిలబెట్టి, దాని మీద ఇద్దరు కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడం మా వైపు మామూలే. గుంతలో పడినప్పుడల్లా డోరు ఊగుతుంది, గొలుసు తొడకు ఒరుసుకుంటుంది. ఐదేళ్ళ కిందట ఆయన దగ్గరికి పోయి, "బక్షన్నా, డోరు కింద రెండు ఊతలు పెట్టి బల్లలాగా చెయ్యరాదా? కాళ్ళు ఆనించుకోను ఒక కడ్డీ కూడా వెయ్యి" అన్నాను. ఆయన భార్య ఖుర్షిదా కూడా వయసులో ఉన్నప్పుడు కోతలకు పోయిన మనిషే. ఆ గొలుసు ఒరుపు ఎలా ఉంటుందో ఆమె చెప్పిందట. జాలిపడి చేశాడు. ఇనప యాంగిళ్ళు కోసి, రెండు వైపులా ఊతలు అతికి, కడ్డీకి సైకిలు ట్యూబు కూడా చుట్టాడు, పాదాలు కాలకుండా. అయ్యాక నా కళ్ళలోకి చూసి ఒక్క మాట చెప్పాడు.

"ఇద్దరే కొండమ్మా. మూడో మనిషి వద్దు."

"సరే సరే" అన్నాను.

మర్నాడు నలుగురిని కూర్చోబెట్టాను. ఎందుకంటే నలుగురు మిగిలారు. క్యారేజీ కట్టుకుని వచ్చిన ఆడమనిషిని వెనక్కి పంపడం నా వల్ల కాదు. నేను మంచిదాన్నని చెప్పడం లేదు, అది నా బలహీనత. బల్ల బాగుందని ఊరూరా చెప్పాను కూడా. చూస్తుండగానే చుట్టుపక్కల కోతల బండ్లన్నీ ఆయన షెడ్డు ముందు వరస కట్టాయి. పిలవడం కూడా 'అల్లాబక్షు బల్ల' అనే పిలిచేవాళ్ళు.

గురవమ్మత్త పడింది ఆ బల్ల మీంచే. సాయంత్రం చేలోంచి వస్తున్నాం. నేను ముందు క్యాబిన్లో తమ్ముడి పక్కన ఉన్నాను. కాలవ వంతెన దగ్గర గతుకులో బండి ఎగిరింది. వెనక కేకలు. దిగి చూస్తే ముగ్గురు గొలుసులు పట్టుకుని వేలాడుతున్నారు, అత్త రోడ్డు మీద ఉంది. ఒక పక్క ఊత విరిగి వేలాడుతోంది. డోరు తాడుతో కట్టేసి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఎలా పడిందని అందరూ నన్నే అడిగారు. మేస్త్రినంటే జవాబుదారీ నాది కదా. నలుగురిని ఎందుకు కూర్చోబెట్టావని ఎవరైనా అడుగుతారేమోనని భయమేసింది. "కునికినట్టుంది" అన్నాను. ఆసుపత్రి గుమ్మంలో అన్న మాట అది. ఊరు చేరేసరికి "కునికింది" అయింది. పడే ఊపుకు ఊత విరిగిందని మేమే తేల్చేశాం. పక్కన కూర్చున్న ముగ్గురూ ఏమీ చూడలేదు, గతుకు వచ్చింది, ఆమె లేదు, అంతే వాళ్ళకు తెలిసింది. తర్వాత తర్వాత నేను కూడా నా మాట నమ్మేశాను. అబద్ధం చెప్పానని అప్పట్లో ఒక్కరోజు కూడా అనిపించలేదు. ఆమె నా గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు కూడా అనిపించలేదు.

మర్నాడు తమ్ముడు దాసు బండి తీసుకుపోతే అల్లాబక్షు ఊత అతికి పంపాడు. ఆ తర్వాత నుంచే ఆయనకు చాదస్తం పట్టుకుంది. డోరు బల్ల ఉన్న బండి ఏ పని మీద వచ్చినా ముందు ఆ బల్ల ఊతలు కోసి అవతల పారేసి, తర్వాతే అడిగిన పని చేసేవాడు. డ్రైవర్లు తిట్టారు, కొట్లాడారు. "పెద్దాయనకు మతి తప్పింది" అనుకున్నారు. నా బల్ల నాకు కావాలి. అందుకని ఆ షెడ్డు వైపు బండి తిప్పొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. రెండేళ్ళు పోలేదు.

ఈ ఫిబ్రవరిలో పోక తప్పలేదు. డోరు ఒక పక్క బొటనవేలంత దిగిపోయింది. పైకి లేపితే గొళ్ళెం పడదు, కిందికి దించితే సగంలో బిగుసుకుంటుంది. ఊరి మొదట్లో ఉన్నవాడు సుత్తితో బాదాడు. టౌన్లో ఇంకొకడు అంతకంటే పెద్ద సుత్తితో బాదాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నట్టు దించిన చోటే ఉండిపోయి అసలు కదలడమే మానేసింది. ఒక సాయంత్రం చేలోంచి వస్తూ, నలుగురూ ఆ వంకర డోరు మీదే బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉండగా, విసుగొచ్చి అటే తిప్పమన్నాను.

అల్లాబక్షు నన్ను రెండేళ్ళు ఎందుకు రాలేదని అడగలేదు. "ఎవరూ దిగొద్దు. రోజూ ఎట్లా కూర్చుంటారో అట్లా కూర్చోండి" అన్నాడు.

"ఏం సాయిబుగారూ, మమ్మల్ని ఇసక బస్తాలనుకున్నావా?" అని ఎవరో అంటే అందరూ పకపకా నవ్వారు.

ఆయన నవ్వలేదు. డోరు మీద ఉన్నవాళ్ళను వేలితో లెక్కపెట్టాడు. నాలుగు. నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. ఆయన టార్చి తీసుకుని మోకాళ్ళ మీద వంగి డోరు కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "అందరూ దిగి టీ తాగి రండమ్మా. కొండమ్మా, నువ్వుండు" అన్నాడు.

నన్ను వంగి చూడమన్నాడు. ఊత అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక ఉంది. గోటితో గీరాడు. ఎర్రటి పొడి రాలింది.

"ఇది ఇవాళ చీలింది కాదు. పది పదిహేను రోజులై ఉంటది. లోపలంతా తుప్పు. ఊత లొంగబట్టే డోరు కిందికి దిగి బిగుసుకుంది. మిగిలిన సన్నటి ముక్క మీద నలుగురు కూర్చుంటన్నారు."

"అయితే అతికెయ్. పొద్దున్నే పోవాల మేము."

ఆయన అతికే మనిషిలా కనిపించలేదు. నేల మీద కూర్చుండిపోయాడు. "ఆ రోజూ ఇట్టాగే ఉంది" అన్నాడు.

"ఏ రోజు?"

"గురవమ్మ పడ్డ రోజు." రాలిన ఎర్ర పొడిని వేలితో నేలకు రాశాడు. "విరిగిన ఊత దాసు నా చేతికిచ్చాడు. విరిగిన చోట ముప్పావు వంతు తుప్పు పట్టి ఉంది. కొసన ఇంత మేర మాత్రం తెల్లగా మెరుస్తంది. ఆమె పడ్డ ఊపుకే విరిగి ఉంటే మొత్తం తెల్లగా ఉండాల కదమ్మా. అది పాత చీలిక. ఆ రోజు గతుకులో మిగతాది తెగింది. ఊత ముందు విరిగింది, ఆమె తర్వాత పడింది. ఆమె కునకలా."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆగలేదు. "ఓరి నీ అసాధ్యం కూలా! రెండేళ్ళ నుంచి తెలిసి నోరు కుట్టుకుని కూర్చున్నావా? ఆ ముసల్ది ముద్ద ముద్దకీ మాట పడతంది. గుమ్మం గుమ్మానికీ తిరిగి నన్ను ఎక్కించుకోండని అడుక్కుంది. నీకు దేవుడి భయం లేదా?"

"ఉంది. మనుషుల భయం ఇంకా ఎక్కువుంది." తల ఎత్తకుండానే చెప్పాడు. "నా అతుకు. కేసంటారు, షెడ్డు మూయిస్తారు అనుకున్నా. అప్పుడు దాసు చెప్పాడు, ముసల్ది కునికిందని మా అక్క అంటందని. ఆ మాట ఇన్నాక నాకు ఊపిరొచ్చింది. నీ మాట చాటున దాక్కున్నా కొండమ్మా. ఆ భయంలోనే మళ్ళీ అతికి పంపించా. ఆనక నిద్ర పట్టలా. ముప్పై నాలుగు బండ్లకు వేశా ఈ బల్లలు. ముప్పై మూడు కోసేశా. నీది ఒక్కటే మిగిలింది, నువ్వు రాలా. మీ ఊరు రెండుసార్లు బయల్దేరి, వంతెన దాకా వచ్చి మళ్ళుకున్నా."

ఇంకా తిట్టాలని నోరు తెరిచాను. ఏం తిడదామన్నా ఆ తిట్టు ముందు నాకే తగులుతోంది. ఇద్దరే అన్నది ఆయన. నలుగురిని కూర్చోబెట్టింది నేను. ఆయన దాక్కున్న మాట పుట్టించింది నేను. ఆయన కనీసం ఆ బల్లలు కోసుకుంటూ కూర్చున్నాడు, నేను వాకిట్లో నిలబడ్డ మనిషిని వెళ్ళగొడుతూ కూర్చున్నాను. ఆయన పక్కనే, ఆ ఇనప పొట్టులోనే చతికిలబడ్డాను. సిగ్గేసింది. అంత సిగ్గు నాకు జన్మలో వేయలేదు.

"నువ్వొస్తావా ఆమె దగ్గరికి?" అని అడిగాను చివరికి.

"వస్తా. ముందు దీన్ని కొయ్యనీ."

"కోస్తే నలుగురికి చోటు పోద్ది బక్షన్నా."

"పోద్ది. ఇనుము సంగతి నేను చూస్తా. మనుషుల సంగతి నువ్వే చూసుకోవాల."

కోసేశాడు. టీ తాగొచ్చిన వాళ్ళలో పద్నాలుగు మందిని లోపల ఎక్కించి, ఆ బరువు మీద దారం పట్టి, దిగిన పక్క బందు విప్పి, కింద వంగిన పట్టీ సరిచేసి, మళ్ళీ బిగించాడు. సుత్తి ముట్టుకోలేదు. అయ్యాక డోరును ఒక్క చేత్తో లేపాడు. గొళ్ళెం దానంతట అదే వచ్చి పడింది. మిగిలిన నలుగురూ రోడ్డు మీద నిలబడి, రేపు మా సంగతేంటన్నట్టు నా మొహం చూశారు. రెండు ట్రిప్పులు వేద్దామన్నాను. దాసు డీజిలు అని గొణిగాడు. గొణగనీ అనుకున్నాను. రైతు లక్ష్మీకాంత్‌కు ఫోన్ చేసి చెబితే, "సగం ముఠా ఎనిమిదింటికి వస్తే ఎట్లా కొండమ్మా?" అన్నాడు. "వచ్చినప్పుడే వస్తామండీ" అని పెట్టేశాను.

పొద్దున్నే మొదటి ట్రిప్పు మనుషులను ఎక్కించుకుని బండి గురవమ్మత్త ఇంటి ముందు ఆపించాను. అల్లాబక్షు అప్పటికే వచ్చి ఉన్నాడు. నమాజు చేసుకుని నేరుగా వచ్చినట్టున్నాడు, టోపీ ఇంకా తల మీదే ఉంది. మోపెడ్ చింతచెట్టు కింద పెట్టి, లోపలికి పోవడానికి ధైర్యం చాలక నా కోసం చూస్తున్నాడు. అత్త వాకిలి ఊడుస్తోంది. బండి, బండి నిండా మనుషులు, మేమిద్దరం. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయనే ముందు మాట్లాడాడు. "అమ్మా, ఆ రోజు మీరు కునకలా. నా అతుకు చీలి ఊత విరిగింది. రెండేళ్ళ నుంచి తెలిసీ చెప్పలా. మీ ఇష్టం, నన్నేమన్నా అనండి." చేతులు జోడించాడు.

ఇక నా వంతు. ఇరవై రెండేళ్ళలో ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగను, ఎలా చెప్పాలో కూడా తెలియదు. "కునికావన్న మాట పుట్టించింది నేనత్తా. ఇద్దరు కూర్చునే చోట నలుగురిని కుక్కింది కూడా నేనే. అది బయటపడుద్దని నీ మీదికి తోశా. తప్పయింది. క్యారేజీ కట్టుకుని రా, లోపల కూర్చుందువుగాని. ఇవాళ్టి నుంచి ఈ బండి నిన్ను ఎక్కించుకోకుండా కదలదు."

తిడుతుందనుకున్నాను. చీపురుతో కొట్టినా పడదామనుకున్నాను. ఆమె మమ్మల్ని ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

"నేను కునకలా?"

"లేదత్తా."

"కళ్ళు మూసుకోలా?"

"లేదు. ఊత విరిగింది."

ఆమె చీపురు గోడకు ఆనించింది. కొంగుతో మొహం తుడుచుకుంది, అయినా కన్నీళ్ళు ఆగలేదు. క్యారేజీ కోసం లోపలికి పోలేదు. కుంటుకుంటూ రెండడుగులు నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ చెప్పు కొండమ్మా. ఇంకాస్త గట్టిగా చెప్పు. మా కోడలు లోపలుంది."